భూకంపానికి రెండు పాయింట్ల కొసరు

జాడీ పగిలిన తరవాత భూకంపం వచ్చింది. ముందు కాదు. ఈ సంగతి చోడవరం మొత్తమ్మీద ఒక్క పెదబాబుకే తెలుసు. పాపం, అదే అతగాడి ప్రాణం తోడేసింది.

జరిగిందేటంటే, ఆ పొద్దున్న పెదబాబు ఎత్తుపీట ఎక్కి అటకమీది ఆవకాయ జాడీని రెండు చేతులా అంచుదాకా లాగేడు. ఇంట్లో ఎవరూ లేరు. పెళ్ళాం అచ్చియ్యమ్మ బజారుకెళ్ళింది. కోడలు ప్రవల్లిక కాలేజీలో పిల్లలకి ఫిజిక్సు చెప్పుకుంటోంది. కొడుకు గౌరీశంకర్ పరవాడలో డ్యూటీకి పోయేడు. ఇంతకన్నా మంచి ముహూర్తం ఏ పంతులు మాత్రం పెడతాడు? మూత తీసి పక్కన పెట్టేడు. చెయ్యి లోపలికి దూర్చేడు. వేళ్ళకి ముక్క తగిలింది. సరిగ్గా అప్పుడే వీధిలో ఆటో ఆగిన చప్పుడైంది. అచ్చియ్యమ్మ వచ్చీసిందనుకొని ఉలిక్కిపడి చెయ్యి లాక్కున్నాడు. చెయ్యి వచ్చింది. చేతితోపాటు జాడీ కూడా వచ్చింది.

వచ్చింది అచ్చియ్యమ్మ కాదు, పక్కింటివాళ్ళ గ్యాసు బండ. అయితే ఏం లాభం? వంటింటి నేలంతా నూనే, కారమూ, పెంకులూ, అంచునుంచి దొర్లిపడ్డ మూతా. పెదబాబు వాటి మధ్యన నిలబడి ఆలోచనలో పడ్డాడు. పిల్లి తోసిందందామా? ఈ ఇంటికి పిల్లి రాదు. ఎలక అందామా? ఆ జాడీని తొయ్యాలంటే ఎలక దున్నపోతంత ఉండాలి. "ఇప్పుడెలగరా దేవుడా" అని పైకే అన్నాడు.

అన్నాడో లేదో, గూట్లో స్టీలు గ్లాసులు గలగలమన్నాయి. కాళ్ళకింద నేల, చెరకు లారీ పక్కనుంచి పోయినట్టు, సన్నగా ఒణికి ఊరుకుంది. వెంటనే వీధిలో గోల లేచింది. "భూకంపం! భూకంపం! బయిటికి రండర్రా!"

మామూలు మనిషైతే ప్రాణభయంతో లగెత్తేవాడు. పెదబాబు అక్కడే పీట పక్కన నిలబడి, నూనె కారుతున్న చేతులు రెండూ ఎత్తి భూదేవికి దణ్ణం పెట్టేడు.

ఈ మనిషి సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే తరవాత చేసిన ఘనకార్యం మీకు అర్థం కాదు. చెరకు పండించి, బెల్లం వండించి, అనకాపల్లి మార్కెట్లో దిమ్మలమ్ముకొని బతికిన మనిషి. కొసరు లేకుండా ఏ బేరమైనా తెమిలిందంటే ఆ పూట అతనికి అన్నం సయించదు. వంకాయలు కొంటే కరివేపాకు కొసరు. బట్టలు కుట్టిస్తే చేతిసంచీ కొసరు. కిందటేడు కళ్ళు తిరిగి పడిపోతే ఆస్పత్రిలో వేసేరు. డాక్టరు బీపీ చూసి నూటతొంభై అంటే, మంచమ్మీద పడున్నవాడు పడున్నట్టే, "ఓ ఇరవై తగ్గించి రాసుకో బాబూ, నీకూ వద్దు నాకూ వద్దు" అన్నాడు. ఆ డాక్టరు ఏ ఊరివాడో, బేరం తెలీదు. తగ్గించలేదు సరికదా, ఉప్పు సగానికి సగం కొయ్యమన్నాడు, ఊరగాయ పేరే ఎత్తొద్దన్నాడు.

అప్పణ్ణించి ఇంట్లో చప్పిడి కూడు. అచ్చియ్యమ్మ తనూ ఊరగాయ మానీసింది. "నీకు లేనిది నాకేటికి" అంది, అంతే. జాడీని మాత్రం "పిల్లలు తింటారు" అని అటకెక్కించింది. అటకెక్కింది కదా అని పెదబాబు ఊరుకుంటాడా? ఆవిడ గుమ్మం దాటడమూ, ఈయన పీట ఎక్కడమూ. ఈమధ్య ఆ ఆవకాయలో పస తగ్గినట్టు అనిపించింది కూడా. ముసలితనం కదా, నాలుక మొద్దుబారుతోంది కామోసనుకొని, ఒక ముక్క తినేచోట రెండు తిని సర్దుకున్నాడు.

అచ్చియ్యమ్మ వచ్చేసరికి పెదబాబు వీధరుగు మీద కూచొని, తువ్వాలుతో విసురుకుంటూ భూకంపం గురించి వచ్చేపోయేవాళ్ళకి చెపుతున్నాడు.

"ఏటయ్యా, ఇంట్లో ఏటీ అవలేదు కదా?"

"ఏటవలేదా! నువ్వే ఎల్లి సూడు. అటక అటకంతా ఊగిపోనాదనుకో. జాడీ పడిపోనాది. నేను నేకపోతే గ్లాసులు కూడా పడిపోయీవి."

ఆవిడ లోపలికెళ్ళింది. పెదబాబు మెల్లిగా వెళ్ళి తొంగిచూసేడు. అచ్చియ్యమ్మ పెంకుల మధ్య గొంతుక్కూచొని ఉంది. మూత ఒక్కటీ పగల్లేదు. దాన్ని చీరచెంగుతో తుడుస్తోంది. ఆ జాడీ ఆవిడ కాపరానికి వచ్చినప్పుడు పుట్టిల్లు వడ్డాదినుంచి బండిలో గడ్డి చుట్టి తెచ్చుకున్నది. వాళ్ళమ్మ వాడినది.

"మా అమ్మ ఏళ్ళు తగిలి తగిలి ఈ అంచు నున్నగయిపోనాది" అంది. కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి.

పెదబాబు పెంకులు దాటుకుంటూ లోపలికొచ్చేడు. పక్కన కూచున్నాడు. ఏదో ఒకటి అనాలి కదా. "ఎంత భూకంపమంటే, ఆ వీధి చివర కుక్కలు కూడా మొరిగీసేయనుకో" అన్నాడు.

సాయంత్రం ప్రవల్లిక కాలేజీనుంచి వచ్చింది. చెప్పులు విప్పుతూనే, "చూసేరా మావయ్యా, మనకీ వచ్చింది భూకంపం! యాప్‌లో పెట్టేరు. మాడుగుల కొండలకేసి పుట్టిందట. రెండు పాయింటు ఆరు" అంది. ఆ పిల్ల మొహం కొత్త బట్టలు కట్టుకున్నట్టు వెలిగిపోతోంది. సొంత ఊళ్ళో సొంత భూకంపం ఎంతమంది ఫిజిక్సు లెక్చరర్లకి దొరుకుతుంది?

"రెండు పాయింటు ఆరంటే పెద్దదేనా?" అడిగింది అచ్చియ్యమ్మ.

"అబ్బే, చాలా చిన్నది అత్తమ్మా. గ్లాసులు గలగలమంటాయి. చాలామందికి తెలీను కూడా తెలీదు."

"జాడీ పడిపోతాదా?"

ప్రవల్లిక అటకకేసి చూసింది. "గోడకి ఆనించి కదా పెట్టేరు. అక్కణ్ణించి పడాలంటే ఇది చాలదే!"

అచ్చియ్యమ్మ మొగుడికేసి చూసింది. ఆ చూపు పెదబాబుకి కొత్తదేం కాదు. అయినా వీపుమీద చెమట పట్టింది.

"అయితే ఇంకో రెండు ఎయ్యమ్మా" అన్నాడు. "రెండూ పాయింటు ఆరు కాదు, నాలుగూ పాయింటు ఆరు. కొసరనుకో. రెండే కదా."

ప్రవల్లిక పకపకా నవ్వింది. "మావయ్యా, ఇది వంకాయల తూకం కాదు. ఈ స్కేలు మీద ఒక్క అంకె పెరిగిందంటే నేల ఊపు పదింతలైనట్టు. లోపల్నించి బయటపడిన శక్తి ముప్ఫై రెండింతలు. రెండు అంకెలు పెరిగితే ఊపు వందింతలు, శక్తి వెయ్యింతలు. మీరు ఒక దిమ్మ బెల్లం కొని వెయ్యి దిమ్మలు కొసరడుగుతన్నారు."

పెదబాబు కళ్ళు ఒక్క క్షణం మెరిసేయి. వెయ్యి దిమ్మల కొసరు! అనకాపల్లి మార్కెట్టు మొదలెట్టిన కాణ్ణించి ఎవడికైనా దొరికిందా?

"అదేటమ్మా, రెండుకీ నాలుక్కీ మధ్య రెండే కదా తేడా?"

"మా పిల్లలూ పరీక్షల్లో అదే రాస్తారు. సున్నా వేస్తాను."

"మరి సున్నా కూడా ఉంటాదా? సున్నా అంటే భూకంపం రానట్టేనా?"

"కాదు మావయ్యా! సున్నా కూడా భూకంపమే. సున్నాకి కిందా ఉంటాయి. మైనస్ ఒకటి, మైనస్ రెండు. బల్లమీంచి ఇటుక పడిందనుకోండి, అదీ ఓ బుల్లి భూకంపం లాంటిదే, మైనస్ రెండు." ఆ పిల్ల ఆగి, మావయ్యని కిందనించి పైదాకా చూసింది. తరవాత గొంతు తగ్గించింది. "ఆ బనీను విప్పెయ్యండి, నానబెడతాను. ఆవకాయ మరక ఆలస్యమైతే వదలదు."

పెదబాబు చూసుకున్నాడు. పొట్టమీద, సరిగ్గా బొడ్డు దగ్గర, నాలుగు ఎర్రటి వేళ్ళ గుర్తులు. కోడలు మరోమాట అనలేదు. బనీను పట్టుకొని పెరట్లోకి పోయింది. మంచి పిల్ల. కాని తెలిసిన మనిషి ఇంట్లో ఒకరు తయారయ్యేరన్నమాట. పెదబాబుకి ఆ రాత్రి చప్పిడి చారు కూడా దిగలేదు.

తెల్లారింది. పెదబాబు ఒక నిర్ణయానికొచ్చేడు. భూకంపం పెద్దదైతే జాడీ దానికదే పడ్డట్టు. జాడీ దానికదే పడితే తను మంచివాడైనట్టు. కాబట్టి భూకంపాన్ని పెంచాలి. ఇంత తేలిక పనికి కోడలు అన్ని రెట్లెందుకు చెప్పిందో అతనికి బోధపడలేదు. నేరుగా బజారులో శివాజీ షాపుకి పోయేడు.

శివాజీ అని ఒక కుర్రాడు, సెల్‌ఫోన్ల షాపు నడుపుతాడు. షాపు పేరుకే. అసలు పని ఫోన్లో వార్తలు చెప్పడం. చోడవరంలో ఎద్దు తప్పిపోయినా, కరెంటు పోయినా, ఎవరి పెళ్ళిలోనైనా కూర చాలకపోయినా, మెళ్ళో తువ్వాలేసుకొని ఫోను ముందు నిలబడి ఊరంతటికీ చెప్పేస్తాడు.

"ఒరే శివాజీ, నిన్నటి భూకంపం ఎంతని సెప్పేవురా?"

"ఇంకా సెప్పలేదు తాతా, రాస్తన్నాను. రెండు పాయింటు ఆరు."

"రెండేటిరా! మా ఇంట్లో ఇంత జాడీ," చేతులు చాపి పిల్లల్ని కొలిచినట్టు కొలిచేడు, "అటకమీంచి ఎగిరొచ్చి పడింది. రెండుకి జాడీ పడతాదేటి? కావాలంటే లెక్చరర్ని అడుగు, మా కోడల్ని. రెండుకి పడనే పడదని నిన్న సెప్పింది."

"అయితే మూడు వేసుకుందామా?"

"మూడేటి? గుమ్మడిపండు బేరమా? అయిదెయ్యి."

"అయిదేస్తే జనం నమ్మరు తాతా. మూడున్నర."

"నీదీ కాదు నాదీ కాదు. నాలుగు."

"సరే నాలుగు."

"నాలుగు పైన ఆ పాయింటు ఆరు అలాగే ఉంచు. దాన్ని ముట్టుకోకు. అది నిజం కదా."

ఇదీ మన పెదబాబు నీతి. రెండుని నాలుగు చేసినందుకు చీమ కుట్టినట్టయినా లేదుగాని, పాయింటు ఆరు దగ్గర మాత్రం అబద్ధం ఆడడు. శివాజీ అప్పటికప్పుడు తువ్వాలు వేసుకొని ఫోను ముందు నిలబడ్డాడు. "చోడవరాన్ని కుదిపేసిన భూకంపం! నాలుగు పాయింటు ఆరు! బద్దలైన ఆవకాయ జాడీ!"

ఊరికి కావలసింది అదే. రెండు పాయింటు ఆరుకి ఎవరికీ ఏమీ గుర్తురాలేదు. నాలుగు పాయింటు ఆరు అనేసరికి అందరికీ అన్నీ గుర్తొచ్చేసేయి. టీ కొట్టు దగ్గర ఒకాయన తన కుర్చీ గజం దూరం జరిగిందన్నాడు. ఇంకొకాయన డాబామీద ట్యాంకులో నీళ్ళు పొర్లి వీధిలో పడ్డాయన్నాడు. దేవిశ్రీ అని బట్టలు కుట్టే ఆవిడ, మిషను దానంతటదే తిరిగి సగం జాకెట్టు కుట్టేసిందంది. పెదబాబు రెండు టీలు తాగి, మనసు తేలికపడి, మధ్యాహ్నం దాటేక ఇంటికి బయల్దేరేడు.

ఇంటికి తాళం.

పక్కింటి చిన్నతల్లి గోడమీంచి మొహం పెట్టింది. "అచ్చియ్యమ్మత్త కాంప్లెక్సుకి ఎల్లిపోనాది మావా. ఏడుస్తా ఎల్లింది. ఆ ఫోన్లో వార్త నేనే సూపించేను. నాలుగూ పాయింటు ఆరని సూసీసరికి ఒకటే ఏడుపు. కోటపాడులో సెల్లెలి ఇల్లు ఏటయిపోనాదో అని. ఫోన్ సేస్తే ఎత్తటం నేదంట."

పెదబాబుకి కాళ్ళకింద నేల నిజంగా కదిలింది. కె.కోటపాడులో అచ్చియ్యమ్మ చెల్లెలు నరసమ్మ. ఒక్కర్తీ ఉంటుంది. మట్టి గోడల ఇల్లు, అందులో ఒక గోడ కిందటి తుఫానుకే పొట్ట ఉబ్బి ఉంది. అది ఎప్పుడు పడుతుందో అని అచ్చియ్యమ్మ వర్షం పడ్డప్పుడల్లా నిద్రపోదు. పెదబాబు భూకంపానికి రెండు పాయింట్లు కొసరేసినప్పుడు ఆ గోడ సంగతి తోచనే లేదు. తోస్తే వేసేవాడా? ఏమో, వేసేవాడేమో కూడా. అలాంటి మనిషే. కాని ఇప్పుడు ఎండలో, చొక్కా గుండీలు కూడా పెట్టుకోకుండా, బస్సుల కాంప్లెక్సు దాకా ఆగకుండా లగెత్తేడు.

అచ్చియ్యమ్మ కోటపాడు బస్సు ఆగే చోట సిమెంటు బల్లమీద కూచొని ఉంది. ఒళ్ళో సంచి. సంచిలోంచి పాత దుప్పటీ, టార్చి లైటూ కనిపిస్తున్నాయి. ఒక కాలికి తన చెప్పు, రెండో కాలికి కోడలి చెప్పు. ఫోను చెవికి ఆనించుకొని, "ఎత్తవే, ఎత్తవే" అంటోంది.

"అచ్చీ" అన్నాడు రొప్పుతూ. "కంగారు పడకే. ఏటీ అవలేదు. అది చిన్న భూకంపమే. రెండు పాయింటు ఆరు."

"ఊరుకో. ఊరంతా సెపుతోంది నాలుగని. ప్రవల్లిక సెప్పలేదేటి, రెండుకి జాడీ పడదని? మరి పడిపోనాది కదా! మన జాడీ పడితే దాని గోడ నిలబడతాదా?"

ఇదిగో, ఇక్కడ పడ్డాడు పెదబాబు గోతిలో. ఆవిడ లెక్కలో ఎక్కడా తప్పు లేదు. భూకంపం చిన్నదని నమ్మించాలంటే జాడీ సంగతి చెప్పాలి. చెప్పకపోతే నరసమ్మ గోడ పడిపోయినట్టే ఈవిడ గుండెల్లో.

ఆలోచించే వ్యవధి కూడా ఇవ్వలేదు అచ్చియ్యమ్మ. అతని చెయ్యి పట్టుకుంది. "పైగా నిన్ను అనుమానించేనయ్యా. నిన్నంతా. నువ్వే దింపబోయి పడగొట్టీసేవని అనుకున్నాను. మనసులో ఎన్ని తిట్లు తిట్టుకున్నానో. తప్పయిపోనాది. ఏటీ అనుకోకు."

బీపీ నూటతొంభై ఉన్నప్పుడు కూడా పెదబాబుకి గుండె అలా కొట్టుకోలేదు.

"అచ్చీ, ఆ రెండు పాయింట్లూ నేనే ఏయించేను" అన్నాడు. "శివాజీగాడి సేత. బేరమాడి."

"ఏటి?"

"జాడీ కూడా నేనే. భూకంపం తరవాతొచ్చింది. ముందు నేనే పడగొట్టేను. ముక్క కోసరం సెయ్యెట్టేను. ఎప్పణ్ణించో తింటన్నాను. నువ్వు బయిటికెల్లినప్పుడల్లా."

అచ్చియ్యమ్మ చెయ్యి వదిలేసింది. పెదబాబు ఆవిడ తిట్ల కోసం ఎదురుచూసేడు. తిట్టినా బాగుణ్ణు. మాడుగుల బస్సు ఒకటి హారను కొట్టుకుంటూ పోయింది. బల్ల చివర కూచున్న పెద్దమనిషి పేపరు మడిచి పక్కన పెట్టి, ఇటుకేసి సర్దుక్కూచున్నాడు.

అప్పుడు ఫోను మోగింది. నరసమ్మ. ఆవిడ గొంతు ఫోనుకి అవతలకూడా వినిపిస్తుంది.

"ఏటే అక్కా, అన్నిసార్లు సేసేవు? ఫోను సార్జింగెట్టీసి సేలోకి ఎల్లేను. ఏటయినాది?"

"నీ గోడ ఉందా?"

"గోడా? ఉంది. దానికేటి? పిడకలు కొట్టేను దానిమీద."

"భూకంపం వొచ్చింది కదే నిన్న!"

"భూకంపమా? ఎప్పుడు? నాకెవులూ సెప్పలేదు!"

అచ్చియ్యమ్మ ఫోను సంచిలో పడేసింది. చెంగుతో మొహం తుడుచుకుంది. తుడుచుకొని, మొగుడివైపు తిరిగింది. ఆ తరవాత వచ్చిన దాన్ని ఏ యాప్‌లోనూ పెట్టలేదు గాని, కాంప్లెక్సులో కోటపాడు బస్సు చోటునుంచి సోడా బండి దాకా తెలిసింది.

"దొంగతనంగా తింటన్నావని నాకు తెలీదనుకున్నావా? సచ్చినోడా! జాడీలో ముక్కలు తగ్గిపోతే తెలీదా? మూత తిరగేసి ఎడతావు, తెలీదా? పిల్లలకని సెప్పేను. ఆ పిల్లలిద్దరూ ఆవకాయ తింటారేటి? ఎప్పుడైనా సూసేవా?"

పెదబాబు ఆలోచించేడు. నిజమే. కొడుక్కి కడుపులో మంట. కోడలికి పెరుగన్నంలోకి నిమ్మకాయే కావాలి.

"మరెవరికి?"

"నీకే! నీకోసరమే పెట్టేను. సగం ఉప్పేసి, నిమ్మకాయలు పిండి, కొంచెం కొంచెం కలిపి నెలకోపాలి మారుస్తన్నాను. డాక్టర్ని మళ్ళీ ఎల్లి అడిగే సేసేను, ఇలాగయితే రోజుకో ముక్క పరవాలేదన్నాడు. ముందరెడితే తింటావా నువ్వు? 'డాక్టరొద్దన్నాడు' అని పెద్ద మొగోడిలాగ పల్లెం తోసీసి, రోజంతా మొకం మాడ్సుకు కూకుంటావు. దాస్తే తింటావు. అందుకే దాసేను. తిని వొచ్చినప్పుడు నీ మొకం సూస్తే నాకు నవ్వొచ్చీది."

పస ఎందుకు తగ్గిందో పెదబాబుకి అప్పుడు తెలిసింది. నాలుక మొద్దుబారలేదు.

"ముక్క తిన్నందుక్కాదు నాకు కోపం" అంది అచ్చియ్యమ్మ. గొంతు తగ్గింది. తగ్గేసరికి ఇంకా కష్టమైంది వినడానికి. "జాడీ పడగొట్టినందుక్కూడా కాదు. సేతిలోంచి జారిపోతే ఎవరేటి సేస్తారు. మా అమ్మ జాడీ పగిలిపోనాదని నేనేడస్తంటే, పక్కన కూకొని కుక్కలు మొరిగేయని సెప్పేవు. 'అయ్యో అచ్చీ' అని ఒక్కమాట అననేదు. నేనొక్కర్తినే ఏడిసేను."

బల్ల చివరి పెద్దమనిషి పేపరు తీసి మళ్ళీ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

"అయ్యో అచ్చీ" అన్నాడు పెదబాబు. ఒకరోజు ఆలస్యంగా అన్నాడు, అతనికీ తెలుసు. కళ్ళు తుడుచుకుందామంటే తువ్వాలు టీ కొట్లో మర్చిపోయేడు. అచ్చియ్యమ్మ కాసేపు చూసి, సంచిలోంచి దుప్పటి కొస లాగి ఇచ్చింది.

కోటపాడు బస్సు వచ్చింది. ఎలాగూ వచ్చేం కదా అని ఇద్దరూ ఎక్కేరు. పిడకల గోడని కళ్ళతో చూస్తేగాని అచ్చియ్యమ్మకి నిద్రపట్టదు.

మర్నాడు పెదబాబు కొసరు తిరిగిచ్చెయ్యడానికి శివాజీ షాపుకి పోయేడు. "ఒరే, ఆ రెండూ తీసీరా. తప్పుగా సెప్పేను."

శివాజీ అడ్డంగా తల ఊపేడు. "ఇప్పుడు తీస్తే ఊరోళ్ళు నన్ను తంతారు తాతా. టీ కొట్టు దగ్గర ఇప్పటికే అయిదుకి పోయింది. కె.కోటపాడువాళ్ళకి మనకన్నా తక్కువొచ్చిందని మనోళ్ళు మహా సంబరంగా ఉన్నారు. నీ మొకం సూసి కావాలంటే నాలుగున్నర సేస్తాను, అంతకన్నా నావల్ల కాదు."

పెదబాబు జీవితంలో మొదటిసారి బేరం మధ్యలో వదిలేసి ఇంటికొచ్చేడు. కోడలికి చెప్పుకున్నాడు. "ఎయ్యడం సులువేనమ్మా. తియ్యడమే కుదరటం నేదు."

"వెయ్యింతలు కదా మావయ్యా" అంది ప్రవల్లిక. "నేను రేపు శివాజీ ఫోను ముందు నిలబడి చెపుతాలెండి. జాడీ సంగతి మాత్రం అడగొద్దంటాను." అన్నట్టే చెప్పింది. చూసినవాళ్ళు తక్కువ. సగం జాకెట్టు కుట్టిన మిషను ముందు లెక్చరర్ మాట ఏం నిలబడుతుంది?

వారం తిరక్కుండా పెదబాబు సంతంతా తిరిగి కొత్త జాడీ కొన్నాడు. కొసరడగలేదు. అమ్మేవాడే ఆశ్చర్యపోయి ఒక చిన్న గిన్నె వేస్తే, వద్దన్నాడట. నమ్మితే నమ్మండి. అచ్చియ్యమ్మ దాన్ని కడిగి, ఎండబెట్టి, సగం ఉప్పు ఆవకాయ కలిపి నింపింది. పైన వాళ్ళమ్మ జాడీ మూతే పెట్టింది. అది దీనికి సరిపోదు, ఓ పక్కకి ఒరిగే ఉంటుంది. అయినా అదే పెట్టింది. పెట్టి, మళ్ళీ అటకెక్కించింది. గోడకి బాగా ఆనించి మరీ.

ఆ మధ్యాహ్నం పెదబాబు వంటింట్లోకి వెళ్ళేసరికి, అటక కింద ఎత్తుపీట వేసి ఉంది. తను వెయ్యలేదు. అచ్చియ్యమ్మ పెరట్లో మినుములు చెరుగుతోంది. పీట ఎక్కేడు. మూత తీసి జాగ్రత్తగా లోపలికంటా పెట్టేడు. ఈసారి చెంచా పట్టుకెళ్ళేడు. ఒక ముక్క పళ్ళెంలో వేసుకున్నాడు. దిగబోయి, ఆగి, పెరటికేసి గట్టిగా అరిచేడు.

"ఒసే అచ్చీ! ఒక ముక్క తీసేనే! ఒక్కటే!"

చేట చప్పుడు ఆగింది.

"కొసరు ఇంకోటి తియ్యి" అంది అచ్చియ్యమ్మ. "నాకు."